ఎరుపు అయిపోయిన చోట

రేడియో మాస్టారి ఇంట్లో రంగుల పేర్లు ఎత్తకూడదు. ఆ నియమం పెట్టింది ఆయన భార్య. పెట్టిన సంగతి ఆయనకు మాత్రం చెప్పలేదు.

నిజానికి ఆయన మాస్టారేమీ కాదు. రేడియోలు, టేప్‌రికార్డర్లు, మైకుసెట్లు బాగుచేస్తాడు. పాడైన పెట్టె తెచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, అది ఎందుకు పాడైందో ఓపిగ్గా వివరించే అలవాటు ఉంది గనక వీధివాళ్ళు ఆ పేరు పెట్టారు. నలభై దాటాక ఆయన కంటి నరాలు ఎండిపోవడం మొదలైంది. రెండు పక్కల నుంచీ చీకటి కమ్ముకుంటూ వచ్చి, మధ్యలో మిగిలిన కాస్త వెలుగూ ఒక చలికాలంలో ఆరిపోయింది. ఇప్పుడది మూడో ఏడు.

పని మాత్రం మానలేదు. వెనకగదిలో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, వేళ్ళతో తడిమి, చెవి ఆనించి, మాడిన వాసన వస్తే ముక్కుతో ఆచూకీ తీసి, చేతనైనవన్నీ బాగుచేస్తాడు. తీగలు ఊడదీసేటప్పుడు ఏది ఏదో తెలియడానికి ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు ముడులు వేసుకుంటాడు. మొదట్లో ఈ ముడులు లేవు. "పిచ్చుకా, ఇది ఏ రంగు తీగే?" అని కూతుర్ని అడిగేవాడు. నోరు ఊరుకోని పిల్ల గనక దానికి పిచ్చుక అనే పేరే స్థిరపడింది. అలాంటి పిచ్చుక కూడా తీగ రంగు అడిగితే "లావుదా నాన్నా, సన్నదా?" అని నసిగేది. లేకపోతే "నీ కుడిచేతి వైపుది" అనేది. కొన్నాళ్ళకు ఆయన అడగడం మానేసి ముడులు వేసుకోవడం మొదలుపెట్టాడు.

నియమం ఎలా పుట్టిందంటే, చూపు పూర్తిగా పోయిన కొత్తలో ఒక సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. పిచ్చుక కొత్త గౌను తొడుక్కుని పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, నా గౌను చూడు, దానిమ్మ గింజలంత ఎర్రగా ఉంది!" అంది. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి లేచాడు. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెనక వసారాలోకి వెళ్ళి, కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి ఎండిపోయేదాకా అలాగే ఉన్నాడు. ఆ రాత్రి ఇల్లాలు కూతుర్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి చెప్పింది. "నాన్న దగ్గర రంగుల మాట ఎత్తకు. 'చూడు' అనకు. అర్థమైందా?" పిల్ల ఏడుస్తూ తలూపింది.

రంగులు మానెయ్యడం తేలికే. 'చూడు' అన్న మాటతోనే చావొచ్చింది. ఉప్పు సరిపోయిందేమో చూడండి అంటాం. పాలు విరిగాయేమో వాసన చూడు అంటాం. తలుపెవరో కొడుతున్నారు చూడు, జ్వరముందేమో చెయ్యిపెట్టి చూడు, అడిగి చూడు, ఆగి చూడు. ఆ మాట లేకుండా ఒక పూట సంసారం నడపడం ఎవరి తరం? ఆమె మాటిమాటికీ నాలుక కరుచుకునేది. "ఉప్పు... అదే, సరిపోయిందా?" అనేది. ఆ తంటాలు ఇలా ఉండగా, వీధిలోంచి ఎవరో వచ్చి "మాస్టారూ, మా రేడియో కాస్త చూసిపెట్టండి" అనేవాళ్ళు. "ఇటివ్వండి, చూస్తా" అనేవాడు ఆయన, నిక్షేపంగా. వంటింట్లో ఆమె చేతిలో గరిట ఆగిపోయేది.

ఆమె లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ పొద్దుట్నుంచీ రంగులే. తెల్లవి ఒక కుప్ప, ముదురువి ఒక కుప్ప, రంగు వదిలేవి విడిగా ఒక తొట్టెలో. "ఆ చిలకాకుపచ్చ దుప్పటి ఇటు పడెయ్", "ఈ కాఫీ మరక పోదమ్మా, ముందే చెబుతున్నా" అని రోజంతా అరుస్తూనే ఉంటుంది. సాయంత్రం ఇంటి గడప దగ్గర చెప్పులతో పాటు ఆ మాటలన్నీ విప్పేసి లోపలికొస్తుంది. అలా చేయడం తనకు కష్టమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. జబ్బు మనిషికి ఉప్పు తగ్గించి వండినట్టు, అదీ ఒక పథ్యమే అనుకుంది.

ఇంతలో పిచ్చుక బడిలో కాంతి పాఠం వచ్చింది. పట్టకం గుండా ఎండను పంపితే తెల్లటి వెలుగు ఏడు రంగులుగా విడిపోతుందని సైన్సు టీచరు చెప్పింది. పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టడం కాదు, ఇంట్లో చేసి, ఏం చూశారో వచ్చి క్లాసులో చెప్పాలంది.

"ఏడు రంగులా? ఇంట్లోనా?" అంది తల్లి. "కళ్ళజోళ్ళ తాత షాపులో చేసుకోవే. ఇంట్లో వద్దు."

కళ్ళజోళ్ళ తాత అంటే వీధి చివర కళ్ళద్దాలు బిగించే ముసలాయన. మాస్టారికి పాత స్నేహితుడు. పిచ్చుక వెళ్ళి అడిగితే సొరుగంతా వెతికి, విరిగిపోయిన బైనాక్యులర్‌లోంచి ఊడదీసిన గాజుముక్క ఒకటి ఇచ్చాడు. మూడు వైపులా నునుపుగా, అరచేతిలో పట్టేంత ఉంది.

"ఇదే పట్టకం. కానీ మా షాపు ముఖాన ఎండ ఎప్పుడు పడింది తల్లీ, దీని ముఖాన పడటానికి? ఇంట్లోనే చేసుకో. మీ నాన్న బల్ల దగ్గర కిటికీకి పొద్దున్నే మంచి ఎండొస్తుంది."

ఇంట్లో వద్దన్న సంగతి చెప్పలేక పిచ్చుక ఆ గాజుముక్క జేబులో వేసుకుని వచ్చింది. తల్లీకూతుళ్ళు ఆలోచించి, ఆదివారం పొద్దున ఆయన క్షవరానికి వెళ్ళినప్పుడు కానిచ్చేద్దాం అనుకున్నారు. దొంగతనానికి వెళ్తున్నట్టే మాట్లాడుకున్నారు గానీ, వాళ్ళకా సంగతి తోచలేదు.

ఆదివారం ఆయన కర్ర పట్టుకుని వీధి మలుపు తిరగ్గానే పిచ్చుక కిటికీకి అట్ట కట్టేసింది. అట్టలో బ్లేడుతో సన్నటి చీలిక కోసింది. తలుపు మూస్తే గది చీకటైంది. చీలికలోంచి ఎండ ఒక తెల్లటి రేకులా లోపలికొచ్చి, అందులో దుమ్ము తేలుతూ కనిపించింది. బల్ల మీద రెండు డబ్బాలు పేర్చి గాజుముక్కను ఆ రేకులో పెట్టింది. రంగులు రాలేదు. తెల్లటి మచ్చ ఒకటి ఎగిరి కప్పుకి అతుక్కుంది. ఇటు తిప్పితే తలుపు మీద పడింది. అటు తిప్పితే ఎటుపోయిందో తెలియలేదు.

"అమ్మా, ఇది రావట్లేదు!"

తల్లి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వచ్చేదాకా తిప్పు. గాజుకీ పంతం ఉంటుంది కాబోలు." తను కూడా వంగి, వేలికొసతో గాజును కొంచెం కొంచెంగా జరపసాగింది. మచ్చ గోడ మీద పాకింది, సాగింది, ఒక్కసారిగా అంచుల్లో విచ్చుకుంది. ఎదుటి గోడ మీద, సున్నం కాస్త పెచ్చులూడిన చోట, బెత్తెడు వెడల్పున పట్టీ నిలిచింది.

బొమ్మలో ఉన్నట్టు గీతలు గీసినట్టేమీ లేదు. ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతూ, గోడలోపల ఎక్కడో దీపం పెట్టినట్టుంది. ఆమె లాండ్రీలో ఎన్ని వేల బట్టలు చూసిందో, ఇంత శుభ్రమైన రంగు మాత్రం చూడలేదు. తనకు తెలియకుండానే గొంతు పైకి లేచింది.

"అబ్బ! గోడ మీద ఆ చివరన ఊదా చూడవే! ఎలా మెరిసిపోతోందో చూడు!"

"ఏ గోడ మీద?" అని వినిపించింది వెనక నుంచి.

సెలూన్లో జనం ఎక్కువగా ఉండి మాస్టారు తిరిగొచ్చేశాడు. తలుపు ఎప్పుడు తెరిచాడో వాళ్ళకు తెలియలేదు. తెరుచుకున్న తలుపు వెలుగుకి గోడ మీద పట్టీ వెలిసిపోయింది.

"ఏం లేదండీ," అంది ఆమె. "ఏదో బట్ట గురించి..."

"గోడకి బట్ట కట్టారా?"

పిచ్చుక గాజుముక్కను తీసి జేబులో పెట్టుకోబోయింది. ఆయన తలుపు మూసి, కర్ర మూలన పెట్టి, నాలుగడుగులు వేసి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ వేళప్పుడు నా ఎడమ చెంపకి ఎండ తగలాలి. తగల్లేదంటే కిటికీకి ఏదో కట్టారు." చెయ్యి చాపి అట్ట తడిమాడు. చీలిక మీద వేలు పోనిచ్చాడు. "ఏంటే ఇది, పిచ్చుకా?"

"హోంవర్క్ నాన్నా."

"చేతిలోది ఇలా ఇవ్వు."

పిల్ల తల్లి వంక చూసింది. తల్లి వద్దన్నట్టు తలూపింది. కానీ చాచిన చెయ్యి అలాగే ఉంది. పిల్ల గాజుముక్కను అందులో పెట్టింది. ఆయన మూడు పక్కలూ తడిమి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"పట్టకం! కళ్ళజోళ్ళ పెద్దాయన ఇచ్చాడా? ఇంద్రధనుస్సు వచ్చిందా మరి?"

పిల్ల మళ్ళీ తల్లి వంక చూసింది.

"ఇంద్రధనుస్సు అంటే పళ్ళేమీ ఊడిపోవే. వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది," అంది పిల్ల, గొంతు పీలగా.

"ఎరుపు ఎటువైపు వచ్చింది? తలుపు వైపా, అవతలి వైపా?"

"ఎందుకండీ ఇప్పుడవన్నీ?" అంది ఆమె. "బడి పని. అది చేసుకుంటుందిలెండి. మీకు టీ పెడతాను, రండి."

ఆయన ముఖం ఆమె వైపు తిప్పాడు. కోపం లేదు. ఏదో లెక్క చాలాకాలంగా తేలక, ఇప్పుడు తేలినట్టుంది ఆ ముఖం. "మీరు చెప్పకపోతే నేనే కనుక్కుంటా," అని సొరుగు లాగాడు.

సొరుగులో అగ్గిపెట్టెంత పెట్టె ఒకటుంది. చూపు తగ్గుతున్న రోజుల్లో ఆయనే చేసుకున్నాడు దాన్ని. కొసన వెలుగు తగిలితే కీచుమంటుంది. వెలుగు ఎక్కువైతే గొంతు పెంచుతుంది, చీకట్లో నోరు మూసుకుంటుంది. రేడియో మీద చిన్నదీపం వెలిగిందో లేదో తెలుసుకోవడానికీ, పడుకునేముందు గదిలో లైటు ఆర్పారో లేదో కనుక్కోవడానికీ వాడతాడు. ఇంట్లో దాన్ని కీచురాయి అంటారు. ఆయన దాని కొసకు నల్లకాగితం చుట్టి, మధ్యలో సూదితో సన్నటి బెజ్జం చేశాడు.

"గాజు మళ్ళీ పెట్టు. రంగులొచ్చాక నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళు."

పిల్ల గాజును సరిచేసి, పట్టీ రాగానే తండ్రి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి నడిపించింది. ఆయన కీచురాయిని గోడకి ఆనించాడు.

"ఇది ఏ చివర?"

పిల్ల ఒక్క క్షణం తటపటాయించింది. ఇక దాని నోరు ఆగలేదు. "ఊదా చివర, నాన్నా!"

కీచురాయి కూసీ కూయనట్టు సన్నగా గొణిగింది. ఆయన నెమ్మదిగా పక్కకు జరిపాడు. "నీలం," అంది పిల్ల. గొణుగుడు కాస్త పెరిగింది. "ఇప్పుడు ఆకుపచ్చ... ఆకుపచ్చే... ఇదిగో పసుపు. చాలా సన్నగా ఉంది నాన్నా, దాటేశావు. నారింజ. ఎరుపు." రంగు రంగుకీ కీచురాయి గొంతు పైకెక్కుతూ, ఎరుపు దగ్గర తారస్థాయికి చేరింది. ఆయన పెదాలు బిగించి వింటూ ఇంకా జరిపాడు.

"అయిపోయింది నాన్నా. ఎరుపు అయిపోయింది. ఇక్కడ ఉత్త గోడే."

కీచురాయి మాత్రం ఆగలేదు. అదే గొంతుతో కూస్తూనే ఉంది.

"ఉత్త గోడా?"

"ఆఁ. ఏమీ లేదు."

"సరిగ్గా చూసి చెప్పు. పట్టీ జరిగిందేమో. ఎండ జరుగుతుంటే అదీ జరుగుతుంది."

పిల్ల గోడకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి చూసింది. "లేదు నాన్నా. ఎరుపు ఇక్కడితో సరి. నువ్వు దాటి వచ్చేశావు. అమ్మా, నువ్వు చూడు!"

తల్లి దగ్గరికొచ్చింది. ఎరుపు మసకబారి ఆగిపోయిన చోటు దాటి రెండు వేళ్ళ మేర గోడ సున్నం తప్ప ఆమెకూ ఏమీ కనపడలేదు. కీచురాయి అక్కడా కూస్తోంది. ఇంకా జరిపితే గానీ నెమ్మదించలేదు.

"ఇది పాడైందండీ," అందామె.

"పాడైతే తెలుస్తుంది. ఉండు." ఆయన దాన్ని రెండో చివరకు, ఊదా దాటిన చోటికి తీసుకెళ్ళాడు. నోరు మూసుకుంది. మళ్ళీ ఎరుపు అవతల పెట్టి, "ఆ చీలికకి చెయ్యి అడ్డం పెట్టు" అన్నాడు. పిల్ల అడ్డం పెట్టగానే నోరు మూసుకుంది. తియ్యగానే కూసింది. "పాడవలేదు. అక్కడ వెలుతురుంది." ఒక్క నిమిషం ఆలోచించి, "టీవీ రిమోట్ పట్రా" అన్నాడు.

రిమోట్‌ను కీచురాయికి ఎదురుగా పెట్టి బటన్ నొక్కాడు. కీచురాయి కరకరలాడింది. "రిమోట్ కొసన దీపం ఏమైనా వెలిగిందా?"

"లేదు," అన్నారు తల్లీకూతుళ్ళు ఒకేసారి.

"వెలిగింది. టీవీకి తెలిసేది అలాగే. ఎరుపు దాటాక ఇంకొంత వెలుతురు ఉంటుంది. మనిషి కంటికి అది అందదు. పుస్తకాల్లో చదివాను గానీ, ఇదే మొదటిసారి పట్టుకోవడం." ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగి, కీచురాయిని ఆ ఖాళీ చోట ఆనించి, అది కూస్తుంటే వింటూ నిలబడ్డాడు. ముఖంలో ఎన్నాళ్ళుగానో ఇంట్లో ఎవరూ చూడని వెలుగు.

"నాకూ కనపడదా అది?" అంది ఆమె మెల్లగా.

"ఎవరికీ కనపడదు."

"కళ్ళజోళ్ళ తాతకి?"

"ఎన్ని అద్దాలు పెట్టుకున్నా కనపడదే."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. రెండూ కలిసిపోయి, కొంగులో ముఖం దాచుకుని కుర్చీలో కూలబడింది. పిచ్చుక బిత్తరపోయి చూసింది. ఆయన శబ్దం వచ్చిన వైపు చెయ్యి చాచి, భార్య భుజం దొరకబుచ్చుకున్నాడు.

"ఏమైందే?"

"ఎన్నేళ్ళు నోరు కుట్టుకుని బతికాను! ఈ పిల్ల నోరు కూడా కుట్టాను. మీకు బాధ కలగకూడదని. ఆ రోజు కంచం ముందు నుంచి లేచిపోయారు మీరు. పిల్ల ఎర్రగౌను అన్నదని."

ఆయన చెయ్యి ఆమె భుజం మీదే ఉంది.

"లేచిపోయాను. గుండెలో పొడిచినట్టైంది. అబద్ధమెందుకు చెప్పాలి? కానీ అది ఆ రోజు సంగతి. కాలు బెణికిందని మనిషిని జన్మంతా మంచం మీదే కూర్చోబెడతామా?"

"మీరైనా అడగొచ్చుగా."

"అడిగాను. తీగ రంగు చెప్పవే అంటే లావుదా సన్నదా అంది నీ కూతురు. ఓహో, ఈ మాట వీళ్ళకి కష్టంగా ఉంది కాబోలు, నా గుడ్డితనం గుర్తొస్తోంది కాబోలు అనుకున్నా. మీకోసమని నేనూ నోరు మూసుకున్నా."

పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుంది. గోడ మీద పట్టీ నెమ్మదిగా జరిగి పెచ్చులూడిన చోటు దాటిపోయింది.

"ఇంకో సంగతి," అన్నాడాయన. ఆ మాట చెప్పడం ఆయనకు కష్టంగా ఉందని గొంతులో తెలుస్తోంది. "ఒక్కోటీ జారిపోతున్నాయి. ఎరుపు ఉంది. పసుపు ఉంది. ఆకుపచ్చ కళ్ళు మూసుకుని ప్రయత్నిస్తే వస్తుంది. నా కళ్ళు మూసినా తెరిచినా ఒకటేననుకో, అయినా మూస్తాను. ఊదా మాత్రం పోయింది. ఊదా అంటే మాట వస్తోంది, రంగు రావట్లేదు. ఇందాక నువ్వు గట్టిగా అన్నావే, ఊదా చూడవే అని, గుమ్మంలో నిలబడి ఎంత తవ్వుకున్నా రాలేదు."

"వంకాయ రంగు నాన్నా," అంది పిచ్చుక వెంటనే.

"వంకాయ గుర్తొస్తోందే. చేతికి నున్నగా, ముచ్చికకి ముళ్ళతో సహా. రంగొక్కటే లేదు."

పిల్ల మొహం చిన్నబోయింది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని గోడ మీద పట్టీని చూసింది. ఎలా చెప్పాలో తోచలేదు. ఇన్నేళ్ళూ దాచుకున్న మాటలు అడిగిన వెంటనే వస్తాయా? చివరికి తనకు తెలిసిన దారిలోనే వెళ్ళింది.

"జేబులో పెన్ను కారితే చొక్కాకి మరకవుతుందే, సిరా మరక. అది గుర్తుందా?"

"ఉంది."

"దాని మీద నీళ్ళు పోసి కాసేపు వదిలేశాననుకోండి. మధ్యలో ముద్దగా నల్లనీలం అలాగే ఉంటుంది. నీళ్ళు పాకినంత మేరా సిరా పాకి, చివర్న అంచు మీద ఒక గీత మిగులుతుంది. నలుపంతా వెనకే ఉండిపోయి, నీలం ఒక్కటే అక్కడిదాకా నడిచొస్తుంది. దాంట్లో ఎవరో చాటుగా చిటికెడు ఎరుపు కలిపినట్టు ఉంటుంది."

ఆయన కదలకుండా వింటున్నాడు. "దగ్గరగా ఉంది. బట్ట మీద కాదు, వెలుతురులో కావాలి."

"అయితే ఆ బట్టని దండెం మీంచి తీసి ఎండకెదురుగా ఎత్తి పట్టుకోండి. పల్చటి బట్ట. వెనక నుంచి సూర్యుడు."

ఆయన పెదాలు కొంచెం కదిలాయి. నుదుటి మీద గీతలు బిగిసి, తర్వాత ఒక్కొక్కటీ వదులయ్యాయి.

"ఆఁ," అన్నాడు.

"వచ్చిందా?"

"వచ్చింది. సరైనదో కాదో నాకు తెలీదు. వచ్చింది."

ఆ తర్వాత అంతా సుఖంగా గడిచిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. పిచ్చుక మూడేళ్ళ బాకీ వారంలో తీర్చెయ్యాలన్నట్టు వెంటపడింది. వీధిలో పోయే ప్రతి గొడుగు, ప్రతి బస్సు, ప్రతి పిల్లి రంగూ చెప్పేది. "కాస్త ఊపిరి పీల్చుకోనీవే తల్లీ" అని ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టేవాడు. ఆకుపచ్చ ఎక్కడ ఆగి నీలం ఎక్కడ మొదలవుతుందో తల్లికీ కూతురికీ ఒక్కనాడూ కుదిరేది కాదు. ఇద్దరూ అరుచుకుని తీర్పు కోసం ఆయన దగ్గరికొచ్చేవాళ్ళు. ఆయన అటూ ఇటూ ప్రశ్నలేసి, ఎక్కువగా పిల్ల పక్షానే తీర్పు చెప్పేవాడు.

ఒక సాయంత్రం ఆమె లాండ్రీ నుంచి వస్తూనే ఆకాశం ఎంత బాగుందో చెప్పబోయింది. ఆయన పొద్దుట్నుంచీ ఒక పాత రేడియోతో కుస్తీ పట్టి ఓడిపోయి ఉన్నాడు. "ఈ రోజు వద్దే" అన్నాడు. ఆమె మనసు చివుక్కుమంది. పాత భయం మళ్ళీ వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు అటూ ఇటూ పెడుతూ చాలాసేపు ఆలోచించింది. ఈ రోజు వద్దు అన్నాడు గానీ, ఎప్పటికీ వద్దనలేదు. వద్దని ఆయనే చెప్పగలిగినప్పుడు తను ముందుగా ఊహించుకుని నోరు కట్టేసుకోనక్కర్లేదు. మర్నాడు "చెప్పమంటారా?" అని అడిగింది. చెప్పమన్నాడు.

బడిలో పిచ్చుక ప్రయోగం చేసి చూపించాల్సిన రోజున మబ్బు పట్టి కూర్చుంది. ఎండ లేదు, రంగులు లేవు. పిల్ల ఏడుపు ముఖం పెడితే టీచరు "నీ పెట్టె కూస్తుందన్నావుగా, అదే వినిపించు" అంది. క్లాసంతా పిల్ల ఇంటి నుంచి తెచ్చిన రిమోట్ చుట్టూ మూగి, కనపడని దీపం కూతను వంతులేసుకుని విన్నారు. ఎండొచ్చిన రోజున ఎరుపు అవతల ఎంత దూరం కూస్తుందో అందరం కొలుద్దామంది టీచరు.

తర్వాత ఒక ఉదయం మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగి, "ఇది ఏ రంగు?" అని అడిగాడు.

ఆమె నీళ్ళు నమిలింది. "బూడిద రంగు."

"నిన్నటిది?"

"అదీ బూడిదే. కాస్త ముదురు."

"నా చొక్కాలన్నీ?"

"అన్నీ కలిపి ఉతికెయ్యొచ్చు, మరక కనపడదు అని..." ఇక ఆపి, నిజం చెప్పింది. "మీకు ఏ రంగైనా ఒకటేగా అనుకున్నానండీ."

ఆయన గుండీ వదిలేశాడు. ఆమె బిక్కచచ్చి నిలబడింది. అయితే ఆయన పగలబడి నవ్వాడు. "ఇన్నేళ్ళుగా నన్ను బూడిదలో ముంచి వీధిలో తిప్పావుటే! నాకు ఒకటేగానీ ఎదురొచ్చేవాళ్ళ గతేంటి?"

ఆ సాయంత్రమే ముగ్గురూ బట్టల కొట్టుకి వెళ్ళారు. ఊదా చొక్కా కావాలన్నాడాయన. "మీ ఒంటికి అది నప్పదండీ" అంది ఆమె. "నాకేం కనపడదుగా" అన్నాడు. "మాకు కనపడుతుందిగా, చచ్చేది మేం" అందామె. కొట్టువాడు బట్టలు విప్పుతూ ముసిముసిగా నవ్వుకున్నాడు. చివరికి నీలం అని ఒప్పందమైంది. ఏ నీలం అన్నది తేలలేదు. తల్లి ఒక చొక్కా, కూతురు ఇంకో చొక్కా పట్టుకుని, కొట్టు దీపాల్లో రంగు తెలియట్లేదని వీధి గుమ్మంలోకి నడిచారు. సాయంకాలపు ఎండలో వాటిని పక్కపక్కన పెట్టి వాదించుకున్నారు. ఒకటి కొత్త పలక మీద నీళ్ళు ఆరుతున్నప్పటి నీలమట. ఇంకోటి గ్యాసుపొయ్యి మంట మొదట్లో ఉండే నీలమట.

మాస్టారు రెండు చేతులూ వెనక కట్టుకుని మధ్యలో నిలబడి, వాళ్ళు చెప్పే ఒక్కో మాటకీ తలూపుతూ విన్నాడు. తర్వాత చెయ్యి చాపి రెండు బట్టలూ వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గ్యాసుపొయ్యిదే ఇవ్వండి," అన్నాడు.